సవరణ: కనురెప్పల శస్త్రచికిత్స గురించి

అందం కోసం చేసే బ్లెఫరోప్లాస్టీతో వాలిన కనురెప్ప కూడా పైకి లేస్తుందని గత వ్యాసంలో రాశాను, అది పొరపాటు. ఆ శస్త్రచికిత్స రెప్ప మీద వేలాడే అదనపు చర్మాన్ని, కొన్నిసార్లు కొవ్వును మాత్రమే సరిచేస్తుంది. రెప్పను ఎత్తే కండరం బలహీనపడి వచ్చే టోసిస్‌కు, అంటే రెప్ప వాలిపోవడానికి, ఆ కండరాన్నే బిగించే వేరే శస్త్రచికిత్స కావాలి. ఈ రెండు సమస్యలూ ఒకరిలోనే కలిసి ఉండవచ్చు కనుక, చర్మం తీసేశాక కూడా రెప్ప వాలే ఉందన్న నిరాశ కలగకుండా ముందే కంటి వైద్యుల చేత పరీక్ష చేయించుకోవాలి.

శస్త్రచికిత్సకు ముందు రక్తాన్ని పలచబరిచే మందులను ఎవరికి వారే ఆపేయవచ్చన్నట్టుగా ధ్వనించిన వాక్యాన్నీ ఉపసంహరించుకుంటున్నాను. గుండెజబ్బుకు వాడే మందును, అది రాసిన వైద్యులను అడగకుండా ఆపకూడదు.

నేను అసలు ప్రస్తావించకుండా వదిలేసినది మరింత ముఖ్యం: శస్త్రచికిత్స తరువాత తీవ్రమైన నొప్పి, ఉబ్బుతో పాటు చూపు తగ్గితే అది కంటి వెనుక రక్తస్రావం కావచ్చు, అరుదే అయినా గంటల్లోనే చూపు పోయే ప్రమాదం ఉన్నందున తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.