సవరణ: నైట్రేట్ 10 అన్నది ఏ లెక్క?

పల్లెల్లో ద్రాక్షతో వైన్ తయారుచేసే వైనరీల దగ్గర భూగర్భజలం గురించి పెట్టిన పోస్టులో ‘నైట్రేట్ 10 దాటితే ఆ నీళ్లు తాగొద్దు’ అని ఉంది. అది చదివి గుంటూరు వైపు మిర్చి రైతులు కొందరు తమ బోరు రిపోర్టులో 30 చూసి టెన్షన్ పడుతున్నారు.

ఆ 10 అమెరికా లెక్క. నైట్రేట్‌లో ఉన్న నైట్రోజన్ (నత్రజని) ఒక్కటే లీటరుకు 10 మిల్లీగ్రాములు అని అర్థం. మన భారతీయ ప్రమాణం నైట్రేట్‌గానే లెక్కేసి 45 అంటుంది. రెండూ దాదాపు ఒకటే: నైట్రోజన్ అంకెను 4.43తో గుణిస్తే నైట్రేట్ వస్తుంది. రిపోర్టులో ‘నైట్రేట్’ అని 30 ఉంటే పరిమితి లోపలే. ‘నైట్రేట్ నైట్రోజన్’ అని 30 ఉంటే మాత్రం 130 దాటినట్టు. ఆ నీళ్లతో పసిబిడ్డకు డబ్బాపాలు కలపనే కూడదు. కాచినా నైట్రేట్ పోదు, నీరు ఆవిరయ్యే కొద్దీ ఇంకా పెరుగుతుంది.

ఇంకో మాట. తప్పంతా వైనరీదే అనుకోవద్దు. ద్రాక్ష పిప్పిలో, వైన్ పులిశాక అడుగున మిగిలే ఈస్టు మడ్డిలో ఉన్న నత్రజని నేలలోని సూక్ష్మజీవుల వల్ల మెల్లగా నైట్రేట్‌గా మారే మాట నిజమే. పిప్పి కుప్ప వానకు నానుతుంటే భయపడాల్సిందే. కానీ అదే ఆవరణలో సెప్టిక్ ట్యాంకు ఉంటుంది, పక్క చేలో యూరియా పడుతుంది. భూగర్భజలం పారే దారిలో ఎగువ బోరు, దిగువ బోరు రెండూ పరీక్షించకుండా ఎవరినీ అనలేం.

ముందు మీ బోరు దిమ్మె చూడండి. కేసింగ్ చుట్టూ సిమెంటు పగిలి, వేలు దూరేంత సందులోకి పేడనీళ్లు దిగుతుంటే దాన్ని పూడ్పించాకే నమూనా పంపండి.