ఖాళీ ఆటోల ఊరేగింపు

మొన్న సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు బందరు రోడ్డు మీద విప్లవం వచ్చింది. ఆ టైముకి నేను షేర్ ఆటోలో సగం లోపల, సగం బయట ఉన్నాను. "విజయవాడలో తొలిసారిగా, అందరికీ అందే ధరలో రైడ్ షేరింగ్" అని ఓ కొత్త ఆటో యాప్‌వాళ్ల ఫ్లెక్సీ.

తొలిసారట! పక్కన కూర్చున్న మామ్మగారి గోంగూర సంచి నా ఒళ్లో ఉంది, నా బ్యాగు డ్రైవర్ కాళ్ల దగ్గరుంది, ఆయనకి ఆ పక్కొకడు ఈ పక్కొకడు ఒంటి తొడ మీద వేలాడుతున్నారు. పర్మిట్ ప్రకారం ఎక్కాల్సింది ముగ్గురు, ఎక్కింది తొమ్మిది మంది. షేరింగంటే ఏంటో ఇంకా ఎవరో వచ్చి మాకు నేర్పాలన్నమాట.

ట్రాఫిక్ తగ్గించడానికి పుట్టిన యాప్ కాబట్టి ముందు డీజే బండి, దాని వెనక డప్పులు, ఆ వెనక బెలూన్లు కట్టిన యాభై ఆటోలు. అన్నీ ఖాళీ. ఆటోకొక్క డ్రైవర్, వెనక మాత్రం "కలిసి ప్రయాణిద్దాం" అని స్టిక్కర్. రాఘవయ్య పార్కు దగ్గర మొత్తం ఆగిపోయింది. ఏంటంటే డ్రోన్ షాట్ సరిగ్గా రాలేదట, మళ్లీ మొదట్నుంచి రమ్మన్నారు. బందరు రోడ్డు మీద, ఆఫీసుల టైములో, యాభై ఆటోలు రివర్స్!

"ఎవరి పెళ్లి నాయనా?" అంది మామ్మగారు.

"యాప్‌దండి."

"ఆడపెళ్లివారా, మగపెళ్లివారా?"

నలభై నిమిషాలు ఆ పెళ్లి చూశాం. అక్షింతల బదులు కరపత్రాలు వేశారు. మొదటి రైడ్ ఒక్క రూపాయే.

ఆశ చెడ్డది, సాయంత్రం బెంజి సర్కిల్‌లో నేనూ బుక్ చేశాను. కెప్టెన్, అంటే వాళ్ల భాషలో డ్రైవర్, 3 నిమిషాల్లో వస్తాడంది యాప్, ఇరవై నిమిషాలకి ఫోన్ వచ్చింది. "ఎక్కడికండీ? సత్యనారాయణపురమా? యాప్‌లో క్యాన్సిల్ కొట్టేయండి, నూట ఇరవై ఇచ్చేయండి." తెలిసిన కథే కాబట్టి ఎక్కాను, తిట్టుకుంటూనే.

ఖాకీ చొక్కా మీద యాప్‌వాళ్ల టీషర్టు బిగించుకున్నాడు, ఒక సైజు తక్కువ. బాగుందే, ఊరికే ఇచ్చారా అన్నాను. "ఎక్కడండీ, నా ఖాతాలోంచే పట్టుకున్నారు. మీ రూపాయి రైడుకి మిగతాది వారం తర్వాత వేస్తారంట. ఆడవాళ్లకి బస్సు ఫ్రీ అయ్యాక కిస్తీ కట్టలేక ఇందులో చేరానండి. పొద్దున ఊరేగింపుకి గ్యాస్ కూడా మాదే."

కేంద్రం 2025 జులైలో ఇలాంటి యాప్‌లకి మార్గదర్శకాలిచ్చింది, సొంత బండి డ్రైవర్‌కి ఛార్జీలో కనీసం 80 శాతం చేరాలని. దేంట్లో 80 శాతం? ఆ రూపాయిలోనా? సిగ్గులేదా అసలు! డ్రోన్‌కి డబ్బులున్నాయి, డీజేకి ఉన్నాయి, ఊరంతా ఫ్లెక్సీలకి ఉన్నాయి. మిమ్మల్ని మోసే మనిషి ఒంటి మీద గుడ్డకి లేవా? మీ ప్రకటన వాడి వీపుకి అంటించి, ఆ అద్దె కూడా వాడి దగ్గరే గుంజుతారా? చౌక అంటున్నారే, అది ఎవడి జేబులోంచి వస్తోందో ఆ ఫ్లెక్సీ మీద రాయండి మరి, అంతే పెద్ద అక్షరాలతో.

ఇంటి దగ్గర నూట యాభై ఇచ్చి దిగాను. అతను టీషర్టు విప్పి, దాంతో ముందద్దం తుడుచుకుని సీటు కింద కుక్కాడు. బండి మలుపు తిరుగుతుంటే కేక వినపడింది.

"బెంజి సర్కిల్, బెంజి సర్కిల్! ఒక్కరండీ, ఒక్కరే!"

లోపల ఎవరూ లేరు.