లా సీటు వచ్చాక ఏమవుతున్నారు?

కూలి పనికి వెళ్లే ఇంటి నుంచి వచ్చిన అమ్మాయికి నేషనల్ లా యూనివర్సిటీలో సీటు వస్తే పేపర్లో ఫొటో పడుతుంది. ఆమెకు చదువు చెప్పిన టీచర్‌కో, అండగా నిలిచిన సంస్థకో శాలువా కప్పుతారు. కప్పాల్సిందే. కానీ ఎనిమిదేళ్ల తర్వాత ఆ అమ్మాయి కోర్టులో కేసులు వాదిస్తోందా, లేక వృత్తి వదిలేసి వేరే ఉద్యోగం చూసుకుందా అన్నది ఎవరూ పట్టించుకోరు. అణగారిన వర్గాల పిల్లల్ని న్యాయవాద వృత్తిలోకి తెచ్చే కృషికి గుర్తింపు ఇవ్వాలనుకునేవాళ్లు ముందు ఆరా తీయాల్సింది ఈ సంగతే.

మన దేశంలో ఈ పనిని పద్ధతి ప్రకారం నడిపించినవాళ్లలో షమ్నాద్ బషీర్‌ది పెద్ద పేరు. కోల్‌కతాలోని న్యాయ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా ఉంటూ 2010లో ఆయన ఐడీఐఏ (ఇంక్రీజింగ్ డైవర్సిటీ బై ఇంక్రీజింగ్ యాక్సెస్) సంస్థను మొదలుపెట్టారు. లా చదివే విద్యార్థులే వలంటీర్లుగా ప్రభుత్వ బడులకు వెళ్తారు. లా అనే చదువు ఒకటుందని చెప్తారు, ఆసక్తి ఉన్నవాళ్లకు పరీక్ష పెట్టి ఎంపిక చేస్తారు, కోచింగ్ ఇప్పిస్తారు. సీటు వచ్చాక కూడా వదిలిపెట్టకుండా ఫీజు దగ్గర్నుంచి చదువు దాకా తోడుంటారు. నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఈ చివరి మాటే. బషీర్‌కు 2014లో హ్యుమానిటీస్ విభాగంలో ఇన్ఫోసిస్ ప్రైజ్ వచ్చింది. నేషనల్ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష అయిన క్లాట్ నిర్వహణలోని లోపాల మీద 2015లో సుప్రీంకోర్టుకు వెళ్లిందీ ఆయనే. పిల్లల్ని పరీక్షకు సిద్ధం చేస్తే చాలదు, పరీక్షనూ సరిచేయాలని ఆయనకు తెలుసు. 2019లో, 43 ఏళ్లకే చనిపోయారు.

ఆ పరీక్ష సంగతి కాస్త దగ్గర్నుంచి చూద్దాం. క్లాట్‌లో 120 ప్రశ్నలు, టైమ్ రెండు గంటలు. అంటే ప్రశ్నకు ఒక్క నిమిషం. 2020 నుంచి ప్రశ్నలన్నీ ప్యాసేజ్‌ల మీదే. ఇంగ్లిష్, లీగల్ రీజనింగ్, కరెంట్ అఫైర్స్ విభాగాల్లో ఒక్కో ప్యాసేజ్ దాదాపు 450 పదాలుంటుంది. పేపరంతా ఇంగ్లిష్‌లోనే. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లవాడికి పేరా ఒకసారి చదివితే సగం అర్థమవుతుంది, రెండోసారి చదివేలోపు పక్కవాడు మూడు జవాబులు పెట్టేసి ఉంటాడు. ఇక్కడ తేలేది లా మీద ఆసక్తో, తర్కించే శక్తో కాదు, ఇంగ్లిష్ చదివే స్పీడు. మన రాష్ట్రాల్లోని లా కాలేజీల ప్రవేశ పరీక్ష లాసెట్ పేపర్ తెలుగులోనూ ఉంటుంది. జాతీయ స్థాయిలో మాత్రం ఆ వీలు లేదు. పైగా దరఖాస్తు ఫీజు 4,000, ఎస్సీ, ఎస్టీలకు 3,500 రూపాయలు. రోజు కూలి మీద బతికే ఇంట్లో, వస్తుందో రాదో తెలియని సీటు కోసం ఇంత డబ్బు కట్టాలి.

సీటు వచ్చాక కథ ఇంకో రకం. ఏడాదికి లక్షల్లో ఉండే ఫీజుకు స్కాలర్‌షిప్ దొరికినా, ఇంటర్న్‌షిప్ కోసం ఢిల్లీలో నెల రోజులుండే ఖర్చు ఎవరిస్తారు? అక్కడ డబ్బులివ్వని ఇంటర్న్‌షిప్‌లే ఎక్కువ. ఇంట్లో స్తోమత ఉన్నవాళ్ల సీవీలో పెద్ద పెద్ద లాయర్ల ఆఫీసుల (ఛాంబర్ల) పేర్లు చేరతాయి, లేనివాళ్లు సెలవుల్లో ఇంటికి వెళ్లిపోతారు. ఇలాంటి చోట రాత్రి పదకొండింటికి జూనియర్ పక్కన కూర్చుని, మూట్ కోర్టు (విద్యార్థుల నమూనా కోర్టు పోటీ) కోసం రాసే వాదనల పత్రంలో వాక్యం వాక్యం దిద్దిపెట్టే సీనియర్ విద్యార్థి చేసేది చాలా పెద్ద పని. దానికి ఏ శాలువా లేదు. కాలేజీలు ఆ పనికి క్రెడిట్లు ఇవ్వాలి, అధ్యాపకులు అలాంటి బాధ్యత తీసుకుంటే ప్రమోషన్లలో దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. అదీ గుర్తింపంటే.

డిగ్రీ చేతికొచ్చాక, లాయర్‌గా నమోదు చేసే బార్ కౌన్సిల్ గడప. కొన్ని రాష్ట్రాల్లో ఎన్‌రోల్‌మెంట్‌కే పదిహేను వేల నుంచి నలభై వేల పైదాకా వసూలు చేసేవారు. అడ్వొకేట్స్ చట్టంలో ఉన్న 750 రూపాయలకు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలకు మించి తీసుకోకూడదని 2024 జూలైలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఎన్ని అవార్డులు ఇచ్చినా రాని మేలు ఆ ఒక్క తీర్పుతో జరిగింది.

అసలు కష్టం మాత్రం ఆ తర్వాతే. సీనియర్ లాయర్ దగ్గర చేరిన జూనియర్ రోజు ఎలా ఉంటుందంటే, పొద్దున్నే కాజ్ లిస్ట్ (ఆ రోజు విచారణకొచ్చే కేసుల జాబితా) చూసి ఏ కేసు ఏ హాల్లో ఉందో రాసుకోవాలి. సీనియర్ ఇంకో కోర్టులో ఉంటే ఇక్కడ లేచి వాయిదా అడగాలి. కోర్టు ఉత్తర్వుల సర్టిఫైడ్ కాపీల కోసం కోర్టు ఆఫీసు సెక్షన్ చుట్టూ తిరగాలి, సాయంత్రం ఛాంబర్‌కి వచ్చి డ్రాఫ్టింగ్ చేయాలి. చాలాచోట్ల దీనికి నెల తిరిగేసరికి చేతికొచ్చేది దారి ఖర్చులకు సరిపోతే గొప్ప. తండ్రో మేనమామో లాయరైతే ఈ మూడు నాలుగేళ్లు గట్టెక్కుతారు. ఇంటికి డబ్బు పంపాల్సిన పిల్లలు ఎలా నిలబడతారు? జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, పల్లెల్లో 15,000 తక్కువ కాకుండా ఇవ్వాలని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చెప్పింది. అది సిఫారసే, తప్పనిసరి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చివర్లో జూనియర్ లాయర్లకు నెలకు 5,000 ఇచ్చే పథకం మొదలైంది. మొత్తం చిన్నదే అయినా, పట్టుకోవాల్సిన చోట పట్టుకున్న పథకం అది.

ఎందుకంటే హైకోర్టు జడ్జి కావాలంటే హైకోర్టులో పదేళ్ల ప్రాక్టీసైనా ఉండాలి, లేదా పదేళ్లు న్యాయాధికారిగా పనిచేసి ఉండాలి. 2018 నుంచి నియమితులైన 715 మంది హైకోర్టు జడ్జీల్లో ఎస్సీలు 22, ఎస్టీలు 16, ఓబీసీలు 89 మంది అని 2025 మార్చిలో ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. రెండో ఏడాదే నల్లకోటు మడిచి పెట్టేసినవాళ్ల పేర్లు, జడ్జీలను సిఫారసు చేసే సీనియర్ జడ్జీల బృందమైన కొలీజియం ముందుకు ఎలా వస్తాయి?

అందుకే అవార్డులిచ్చే సంస్థలు దరఖాస్తు ఫారంలో ఒక కాలమ్ చేర్చాలి: మీరు సాయం చేసినవాళ్లలో డిగ్రీ అయిన అయిదేళ్లకు ఎంతమంది ప్రాక్టీసులో ఉన్నారు? బహుమతి జ్ఞాపికతో ఆగకుండా, ఒక జూనియర్‌కు మూడేళ్ల స్టైపెండ్ అయ్యేంత ఉండాలి. బార్ అసోసియేషన్లు ఏటా ఒక జాబితా వేయాలి, తమ జూనియర్లకు నెలనెలా బ్యాంకు ఖాతాలో జీతం వేస్తున్న సీనియర్ల పేర్లతో. ఏ ఛాంబర్లో చేరాలో తెలియక కోర్టు ఆవరణలో తిరిగే కొత్త లాయరుకు ముందు కావాల్సింది ఆ జాబితానే.