ఒక్క స్టేషన్ దూరంలో తోటకూర

హైదరాబాద్‌లో బోరబండ నుంచి హైటెక్ సిటీకి ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో ఒక్కటే స్టేషన్. రైలు టైముకి వస్తే ఎక్కినంత సేపు పట్టదు, దిగిపోతాం. మా ఇల్లు బోరబండలోని సైట్-3 వైపు, ఆఫీసు మాదాపూర్‌లో. ఆరేళ్లుగా రోజూ ఇదే దారి. ఈ ఒక్క స్టేషన్ దూరంలో కూరగాయలు ఎలా మారిపోతాయో రెండేళ్ల క్రితం వరకు నేను పట్టించుకోలేదు. అమ్మకు షుగర్ వచ్చాక పట్టించుకోక తప్పలేదు.

మందులకు మాకు ఇబ్బంది లేదు. బస్తీ దవాఖానాలో ఉచితంగా ఇస్తున్నారు, రక్తపరీక్షలు కూడా అక్కడే. డాక్టరమ్మ చాలా ఓపిగ్గా చెప్పింది. "అన్నం తగ్గించమ్మా. ఒక పూట జొన్నరొట్టె తిను. ఆకుకూర రోజూ ఉండాలి. రోజుకో పండు తిను, జామకాయ అయినా సరే." అమ్మ అన్నిటికీ తలూపింది. బయటికొచ్చి చెప్పులేసుకుంటూ నాతో అన్న మాట ఒక్కటే: "రోజూ ఆకుకూర యాడ దొరుకుతది బిడ్డా మనకు?"

అప్పుడు ఆ మాట నాకు సాకులా అనిపించింది. కొంచెం కోప్పడ్డాను కూడా. తర్వాత నేనే సంచి పట్టుకుని తిరగడం మొదలుపెట్టాక అర్థమైంది, తప్పు నాదేనని.

మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఒక సూపర్ మార్కెట్ ఉంది. పేరు రాయను. అదే కంపెనీ బ్రాంచి ఒకటి హైటెక్ సిటీ స్టేషన్ అవతల, మా ఆఫీసు దారిలోనూ ఉంది. ఒకే బోర్డు, ఒకే రంగు సంచులు, ఒకే యూనిఫాం. లోపలికి వెళ్తే రెండూ ఒకే కంపెనీవంటే నమ్మలేం.

ఆఫీసు దారిలో ఉన్నదాంట్లో అడుగు పెట్టగానే పండ్లు. జామ, బొప్పాయి, దానిమ్మ, నాలుగు రకాల ఆపిల్, ఇంకా నేను ఇంతవరకు కొనని పండ్లు కొన్ని. పక్కనే ఆకుకూరలు, వాటి మీద సన్నగా నీళ్లు జల్లే ఏర్పాటు. తోటకూర, పాలకూర, మెంతికూర, చుక్కకూర, పుంటికూర, అన్నీ సాయంత్రం ఏడింటికి కూడా నిటారుగా నిలబడి ఉంటాయి. కొర్రలు, సామలు, అరికెలు, జొన్నపిండికి విడిగా ఒక అర. బిస్కెట్లు, చిప్స్ కావాలంటే లోపలికి నడవాలి.

మా దగ్గర ఉన్నదాంట్లో ముందు కనిపించేవి రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాల గుట్టలు. ఆ పక్కన ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న చిప్స్, బిస్కెట్ల కాంబో ప్యాకెట్లు, పామాయిల్ పెట్టెలు. కూరగాయలు అన్నిటికంటే వెనక, ట్యూబ్‌లైట్ సరిగా వెలగని మూల, ఒకే ఒక్క ర్యాక్. మొలకలొచ్చిన ఆలుగడ్డ, మెత్తబడ్డ టమాటా, ముడతలు పడ్డ బీరకాయ. ఆకుకూర అంటే కొత్తిమీర, కరివేపాకు, అదృష్టం బాగుంటే పసుపెక్కిన పాలకూర. పండ్లంటే అరటి, మచ్చలొచ్చిన ఆపిల్. జొన్నపిండి అడిగితే "ఇక్కడికి రాదు మేడం" అన్నాడు కౌంటర్ దగ్గరి అబ్బాయి. టమాటా ధర మాత్రం రెండు చోట్లా ఒక్కటే. ఇది నాకు చాలా బాధ కలిగించింది. అదే డబ్బు తీసుకుని మాకు రెండో రకం ఎందుకు ఇస్తున్నారు?

ఒకరోజు మేనేజర్‌నే అడిగాను. మంచివాడే, మర్యాదగానే చెప్పాడు. "ఇక్కడ పోవు మేడం. తెప్పిస్తే వేస్ట్ అయితది. వేస్టేజ్ ఎక్కువైతే నన్నే అడుగుతరు. అందుకే తక్కువ ఇండెంట్ (సరుకు ఆర్డర్) పెడత."

ఆయన్ని తప్పుపట్టను. కానీ ఆయన చెప్పిన లెక్క ఎలా నడుస్తుందో చూడండి. సరుకు బాగా లేదు కాబట్టి జనం కొనరు. కొనలేదు కాబట్టి ఇండెంట్ తగ్గిస్తారు. తక్కువ సరుకు అమ్ముడుపోక రెండు మూడు రోజులు అక్కడే ఉండి ఇంకా వాడిపోతుంది. ఆర్నెల్ల తర్వాత కంపెనీ కంప్యూటర్‌లో మా ఏరియా పేరు ఎదురుగా "ఇక్కడివాళ్లు కూరగాయలు కొనరు, చిప్స్ కొంటారు" అన్న సంగతి అంకెల్లో నిలబడిపోతుంది. మా ఇష్టాలేమిటో మా తరఫున వాళ్లే తేల్చేశారు.

కొనరన్నది అబద్ధం. మా వీధి చివర వారానికోసారి అంగడి పెడతారు. ఆ రోజు సాయంత్రం వచ్చి చూడండి. కింద పట్టా పరిచి ఆకుకూర కట్టలు పోస్తే రాత్రి ఎనిమిదిన్నరకల్లా పట్టా దులుపుకుని పోతారు. అపార్ట్‌మెంట్లలో పని ముగించుకుని వచ్చే ఆడవాళ్లు, సెంట్రింగ్ పని నుంచి దిగి వచ్చే మగవాళ్లు, అందరూ అక్కడే. గంగవాయిలి కూర వచ్చిందంటే మా పక్కింటి అత్త నాలుగు కట్టలు ఒకేసారి తీసుకుంటుంది. కానీ అంగడి వారానికి ఒక్కరోజే. ఒక గది ఇల్లు, చిన్న ఫ్రిజ్, కొందరికి అదీ లేదు. మూడో రోజుకి ఆకుకూర అయిపోతుంది, లేదంటే కుళ్లిపోతుంది. మిగిలిన నాలుగు రోజులూ కిరాణా కొట్టే దిక్కు.

కిరాణా కొట్టు గురించి చెడుగా రాయలేను. చేతిలో డబ్బు లేనప్పుడు ఉద్దెర ఇచ్చేది ఆ సేటే. పావుకిలో పప్పు, యాభై గ్రాముల నూనె అడిగినా విసుక్కోడు. సూపర్ మార్కెట్ ఆ రెండూ చేయదు. కానీ ఆ కొట్లో ఉండేవి ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, టమాటా, పచ్చిమిర్చి. ఇంకా తలుపుకు పైనుంచి కిందిదాకా వేలాడే ఐదు రూపాయల, పది రూపాయల ప్యాకెట్లు. స్కూలు నుంచి వచ్చిన పిల్లవాడి చేతిలో పది రూపాయలుంటే మా గల్లీలో వాడికి దొరికే తిండి అదొక్కటే. ఆ పదికి ఒక జామకాయ అమ్మే బండి వాడి దారిలో ఉందా? ఉండేది. మెయిన్ రోడ్డు మలుపు దగ్గర ఒక పెద్దమ్మ జామకాయల గంప పెట్టుకునేది. ట్రాఫిక్‌కి అడ్డమని రెండుసార్లు లేపేశారు, మూడోసారి ఆమె రాలేదు. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. సర్వే చేసి, సర్టిఫికెట్ ఇచ్చి, అమ్ముకోవడానికి చోటు చూపించాలని అందులో ఉంది. గంప లేపే ముందు ఎవరైనా ఆ చట్టం గుర్తు చేసుకుంటే బాగుండేది.

రైతు బజార్ లేదా అంటారు. ఉంది, ఎర్రగడ్డలో. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు మొదలుపెట్టినప్పుడు ఆలోచన నిజంగా గొప్పది. రైతు నేరుగా తెచ్చి అమ్ముకోవాలి, దళారీ ఉండకూడదు, రేట్లు బోర్డు మీద రాయాలి. ఇప్పటికీ అక్కడ కూరగాయలు చవక, తాజా. 2011 జనాభా లెక్కల్లోనే 67 లక్షలు దాటిన ఈ నగరంలో అలాంటివి పట్టుమని పాతిక లేవు. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి అమ్మ ఎర్రగడ్డ వెళ్లొస్తుంది. పోను రాను, బస్సు కోసం నిలబడ్డంతో కలిపి రెండు గంటలు. మోకాళ్ల నొప్పులతో ఐదు కిలోల సంచి. రోజుకి మూడిళ్లలో వంట చేసే మా పక్కింటి అత్తకి ఆ రెండు గంటలు ఎక్కడి నుంచి వస్తాయి?

తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. దేశం మొత్తానికి ఏం తినాలో చెప్పే సంస్థ, మన ఊళ్లోనే. 2024లో వాళ్లు ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒక మనిషికి రోజుకి 400 గ్రాముల కూరగాయలు, అందులో ఆకుకూరలు కూడా, 100 గ్రాముల పండ్లు, 85 గ్రాముల పప్పులు, 300 మిల్లీలీటర్ల పాలు అని ఉంది. దేశంలో జబ్బుల భారంలో 56.4 శాతానికి సరైన తిండి లేకపోవడమే కారణమని కూడా వాళ్లే చెప్పారు. నేను అకౌంట్స్ పనిచేసేదాన్ని, లెక్క వేయకుండా ఉండలేకపోయాను. నలుగురున్న ఇంటికి రోజుకి కిలో ఆరువందల గ్రాముల కూరగాయలు, 400 గ్రాముల పండ్లు, 340 గ్రాముల పప్పు, లీటరు పావు దాకా పాలు. మా దగ్గరి ధరలతో, ఎంత తక్కువలో తక్కువ పట్టినా రోజుకి 240 రూపాయలు దాటింది. నెలకి ఏడువేలు పైనే. గుడ్డు, నూనె, గ్యాస్ ఇంకా కలపలేదు. మా గల్లీలో ఇంటి అద్దె అంతకంటే తక్కువ ఉన్న గదులున్నాయి.

రేషన్‌లో బియ్యం వస్తున్నాయి, కాదనను. 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణలో సన్నబియ్యం, మనిషికి ఆరు కిలోలు, ఉచితంగా. దొడ్డు బియ్యాన్ని అమ్ముకునేవాళ్లు కూడా ఇప్పుడు వండుకుంటున్నారు. దాని విలువ నాకు తెలుసు. కానీ షుగర్ ఉన్న మనిషికి డాక్టరు తగ్గించమన్నది అదే బియ్యాన్ని. కడుపు నింపడానికి ప్రభుత్వం బియ్యం ఇస్తుంది, ఆ అన్నంలోకి కూర, పప్పు మీరే చూసుకోండంటుంది. తమిళనాడులో రేషన్ కార్డు మీద కందిపప్పు కిలో 30 రూపాయలకి, పామాయిల్ లీటరు 25కి ఏళ్ల తరబడి ఇస్తున్నారు. మన దగ్గర కూడా 2013లో అమ్మ హస్తం అని 185 రూపాయలకి తొమ్మిది సరుకులు ఇచ్చారు, అందులో కిలో కందిపప్పు ఉండేది. ఆ సంచి మా ఇంట్లో చాలాకాలం ఉంది. జొన్నలు మన తెలంగాణలోనూ పండుతాయి. మా అమ్మ పుట్టిల్లు నారాయణపేట వైపు, పెళ్లయ్యేదాకా ఆమెకు రోజూ జొన్నరొట్టే. పట్నం వచ్చి రేషన్ బియ్యానికి అలవాటు పడింది. ఇప్పుడు ఆమె చిన్నప్పటి తిండే అందమైన ప్యాకెట్లో, ఒక స్టేషన్ అవతల, మూడింతల రేటుకు కనిపిస్తోంది.

యాప్‌లో తెప్పించుకోమని ఆఫీసులో చెప్పారు. పది నిమిషాల్లో వస్తుందట. రెండు కట్టల తోటకూరకి డెలివరీ చార్జి, హ్యాండ్లింగ్ చార్జి కలిపితే కూర ధర కంటే అవే ఎక్కువయ్యాయి. అవి పోవాలంటే ఒకేసారి ఎక్కువ సరుకు కొనాలి. ఏ రోజు కూలీ ఆ రోజు తెచ్చుకునే ఇంటికి అది కుదరదు. ఆ సంచులు మోస్తూ వానలో తిరిగే పిల్లలు చాలామంది మా గల్లీల్లోనే ఉంటారు. నా తమ్ముడు కూడా ఏడాది ఆ పని చేశాడు. పొద్దంతా కొండాపూర్ ఇళ్లకు పాలకూర, స్ట్రాబెర్రీ చేర్చి, ఇంటికొచ్చి టమాటా పచ్చడితో తినేవాడు.

నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించేది ఒక మాట. "వాళ్లకి అవగాహన లేదు, పిల్లలకి చిప్స్ పెడతారు." ఈ మాట చదువుకున్నవాళ్లు చాలా తేలిగ్గా అంటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం పైగా రక్తహీనత ఉంది. ఆరు నెలలు దాటిన, ఐదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం. అంతమంది తల్లులకి ఆకుకూర మంచిదని తెలియకనా ఇది? మా అమ్మ ఏ ఆకు ఏ నెలలో తినాలో, ఏది వేడి చేస్తుందో, ఏది బాలింతకి పెట్టాలో చెప్పగలదు. ఆమెకు తెలిసిన ఆకు ఆమె కొనగల ధరలో, ఆమె నడవగల దూరంలో లేదు.

దీన్ని మార్చడానికి చేయాల్సినవి కష్టమైన పనులేమీ కావు. బోయిన్‌పల్లి మార్కెట్లో రోజుకి పది టన్నుల దాకా కూరగాయల వ్యర్థంతో కరెంటు తయారు చేసే ప్లాంటు పెట్టారు, మంచి పని. అంత సరుకు వచ్చే మార్కెట్ నుంచి పొద్దున్నే నాలుగు వ్యాన్లు నింపి మా వైపు పంపడం చేతకాదా? బెంగళూరులో హాప్‌కామ్స్ అనే రైతుల సహకార సంఘం ఊరంతా చిన్న చిన్న స్టాళ్లు పెట్టి ఎన్నో ఏళ్లుగా పండ్లు, కూరగాయలు అమ్ముతోంది. మా బోరబండ బస్టాండ్ దగ్గర అలాంటి స్టాల్ ఒక్కటి చాలు.

మూడు వారాల క్రితం నేను, పక్కింటి అత్త కలిసి ఒక కాగితం రాశాం. రెండు కాపీలు. ఒకటి వార్డు ఆఫీసుకి: వారానికి మూడు రోజులు సంచార రైతు బజార్ వ్యాన్ పంపండి, పండ్ల గంపలకి చోటు గుర్తించండి. రెండోది ఆ సూపర్ మార్కెట్ కంపెనీ హెడ్డాఫీసుకి: ఆర్నెల్లు మా బ్రాంచికి హైటెక్ సిటీ బ్రాంచికి పంపే కూరగాయలే పంపి చూడండి, ముందు వరుసలో పెట్టండి, అప్పుడు కొంటామో లేదో లెక్క తీయండి. మేనేజర్ కూడా చదివి, ఇది పంపండి మేడం, నాకూ మంచిదే అన్నాడు.

ఇప్పటికి 143 సంతకాలయ్యాయి, వేలిముద్రలతో కలిపి. సోమవారం ఇచ్చేస్తాం. సైట్-1, సైట్-2, అల్లాపూర్ వైపు ఉన్నవాళ్లు ఎవరైనా పెట్టాలనుకుంటే ఆదివారం సాయంత్రం అంగడి దగ్గర, కొబ్బరిబోండాల బండి పక్కన ఉంటాం. అమ్మ కూడా వస్తానంది.