ఉత్తమ రీసెర్చ్ గైడ్ అవార్డు గారికి ఓ అర్జీ

మహారాజశ్రీ అవార్డు గారికి,

ఏటా సెప్టెంబరు 5 వచ్చేసరికి శాలువా, మెమెంటో, ఫ్లెక్సీతో సహా మీరు టంచనుగా వేంచేస్తారు. పీహెచ్‌డీ చేసే స్కాలర్ల ఫెలోషిప్పు కూడా అంత టంచనుగా వస్తే ఎంత బాగుండును! మీ రాకతో మాకేం పేచీ లేదు. పీహెచ్‌డీ చేయించే గైడ్లలో ఎవరి భుజమ్మీద వాలాలో మీరు తేల్చుకునే పద్ధతితోనే పేచీ.

మీ ప్రొఫార్మా మాకు కంఠతా వచ్చు. ఎన్ని పీహెచ్‌డీలు చేయించారు, స్కోపస్ అనే పరిశోధన పత్రాల జాబితాకెక్కిన పేపర్లెన్ని, వాటిని ఇతరులు ఎంత ఉటంకించారో చెప్పే హెచ్-ఇండెక్స్ ఎంత, ప్రాజెక్టుల సొమ్మెంత. సంతకం గైడ్ గారిది, టైపింగు స్కాలరుది.

మొదటి గడి సంగతే చూడండి. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఒక సమయంలో ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురు స్కాలర్లకు మించి ఉండకూడదు. థీసిస్‌కు ఐదేళ్లు వేసుకుంటే పదేళ్లలో ప్రొఫెసర్ ఖాతాలో 16, అసిస్టెంట్ ఖాతాలో 8. ఇద్దరూ ఒకే శ్రద్ధతో దిద్దినా ఇంతే. మీరు కొలిచేది సీనియారిటీని. దానికి ఇంక్రిమెంట్లు ఎలాగూ ఉన్నాయి. పైగా 2018 నిబంధనల్లో పదోన్నతికి చూసే రీసెర్చ్ స్కోరులో డిగ్రీ వచ్చిన ఒక్కో పీహెచ్‌డీకి 10 మార్కులు, సమర్పించిన థీసిస్‌కు 5, కో-గైడ్ ఉంటే చెరి 7. ఆ బిల్లు అక్కడే పాసైపోయింది. అదే ఓచరు మీ దగ్గరా పెడుతున్నారు, చూసుకోండి.

మరి స్కాలరు మధ్యలో మానేస్తే గైడుకు ఎన్ని మార్కులు కోత? సున్నా. ఆరుగురు చేరి ముగ్గురు వెళ్లిపోయిన చోట మీ కంటికి ఆనేది ముగ్గురు డాక్టర్లే. వాపును చూసి బలుపనుకోవడం అంటే ఇదే. థీసిస్‌లు దాచే ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలో గైడ్ పేరు కొట్టి వెతకొచ్చు, తేదీలు నింపిన థీసిస్‌లకు రిజిస్ట్రేషన్ నుంచి పూర్తయ్యేదాకా ఎన్నేళ్లు పట్టిందో లెక్కేయొచ్చు. కానీ అక్కడికి చేరేవి పూర్తయిన థీసిస్‌లే. పోయినవాళ్ల జాడ యూనివర్సిటీ రీసెర్చ్ సెక్షన్‌లో, రద్దయిన రిజిస్ట్రేషన్లలో, గైడ్‌ను మార్చమన్న దరఖాస్తుల్లో వెతకాలి. అందరూ గైడ్ వల్లే మానేయరు లెండి. డీఎస్సీలోనో గ్రూప్స్‌లోనో ఉద్యోగం వచ్చి వెళ్లేవాళ్లున్నారు, డబ్బుల్లేక వెళ్లేవాళ్లు అంతకంటే ఉన్నారు. కాబట్టి అంకె రాసుకుని ఊరుకోకండి, కారణం కూడా అడగండి.

మంచి గైడ్ ఆనవాలు మీ ప్రొఫార్మాలో లేని చోట ఉంటుంది: చాప్టర్ ఇచ్చాక ఎన్నాళ్లకు తిరిగొచ్చింది, ఏం రాసుకుని వచ్చింది? "బాగుంది, ఇంకొంచెం పెంచండి" అని వస్తే తెరవలేదని అర్థం. "రెండో అధ్యాయంలో శాంపిల్ 120 అన్నావు, నాలుగో అధ్యాయం పట్టికలో కూడితే 112 వస్తోందేం?" అని మార్జిన్‌లో ఎర్రసిరా ఉంటే, ఆ మనిషిని వెతుక్కుంటూ వెళ్లండి. ప్రతి సెమిస్టరూ స్కాలరు రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు ప్రెజెంటేషన్ ఇవ్వాలి కదా, ఆ నివేదికలు తెప్పించుకోండి. ఆరు సెమిస్టర్లూ "సంతృప్తికరం" అన్న ఒక్క మాటే ఉంటే శాలువా మడిచి లోపల పెట్టేయండి. పేపర్లలో మొదటి పేరు ఎవరిదో, పత్రిక ఫీజు ఎవరి జేబులోంచి పోయిందో కూడా కనుక్కోండి. గైడ్ గారి కరెంటు బిల్లు కట్టి రావడం కోర్సు వర్క్ 12 క్రెడిట్లలో ఎక్కడా లేదు.

ఇవన్నీ ఎవరిని అడగాలి? ఇప్పుడున్న స్కాలర్లను మాత్రం వద్దు. ఫెలోషిప్ కొనసాగింపు, ప్రీ-సబ్మిషన్ సెమినార్, థీసిస్ మొదటి పేజీల్లోని సర్టిఫికెట్, అన్నిటికీ ఆ గైడ్ సంతకమే కావాలి. వైవా (చివరి మౌఖిక పరీక్ష) కానివాణ్ని గైడ్ ఎలాంటివారని అడగడం, అత్త ఎదుట కూర్చోబెట్టి కోడల్ని అత్త గురించి అడగడమే. నేచర్ పత్రిక ఇచ్చే మెంటరింగ్ అవార్డుకు వేర్వేరు కాలాల్లో ఆ గైడ్ దగ్గర పనిచేసిన ఐదుగురు శిష్యుల మాట కావాలి. మీరూ ఐదుగురిని అడగండి. డిగ్రీ వచ్చి ఏడాది దాటినవాళ్లయితే మేలు, ఒకరు మాత్రం గైడ్‌ను మార్చుకుని వెళ్లినవాళ్లు కావాలి. పేర్లు గైడ్ ఇవ్వకూడదు, రీసెర్చ్ సెక్షన్ చీటీలేసి తీయాలి. ఉత్తరాలు డిపార్ట్‌మెంట్ గడప తొక్కకుండా నేరుగా కమిటీకి చేరాలి.

చివరగా, బహుమతి సంగతి. శాలువాలు బీరువాల నిండా ఉన్నాయి. నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసరుకు వారానికి 16 గంటలు, పైవాళ్లకు 14 గంటలు క్లాసులు. గెలిచినవాళ్లకు ఏడాదిపాటు అందులో ఓ రెండు గంటలు తగ్గించండి, చాప్టర్లు చదువుకుంటారు. ఆ రెండు గంటల్లో న్యాక్ (కాలేజీల నాణ్యత మదింపు) ఫైళ్లు అంటగట్టకూడదని ఉత్తర్వులో ఓ లైను కూడా రాయించండి.

ఇట్లు,
రీసెర్చ్ స్కాలర్లు