సవరణ: ఫాదర్ డామియన్ గురించి రాసిన విషయం

సాలూరు ప్రాంతంలో కుష్ఠు బాధితుల ఇళ్లకు వెళ్లే మా సంఘస్థుల సేవ గురించి గత వారం రాస్తూ, హవాయిలోని మొలొకాయి దీవిలో కుష్ఠురోగుల కాలనీని స్థాపించింది ఫాదర్ డామియన్ అని పేర్కొన్నాను. అది తప్పు, సరిచూసుకోకుండా రాశాను. ఆయన జీవిత చరిత్రల ప్రకారం, 1866లో హవాయి ప్రభుత్వమే రోగులను అక్కడికి తరలించడం మొదలుపెట్టగా, బెల్జియం దేశస్థుడైన డామియన్ 1873 మే నెలలో క్యాథలిక్ మతగురువుగా అక్కడ అడుగుపెట్టారు. పుళ్లు కడిగి కట్లు కట్టారు, శవపేటికలు స్వయంగా చేశారు, రోగులతో కలిసి ఒకే గిన్నెలో తిన్నారు. నా దృష్టిలో కాలనీ స్థాపించడం కన్నా ఇదే పెద్ద పని.

ఆయన అదే వ్యాధితో 1889లో మరణించారని రాసినందుకు, మావాళ్లు ఆ ఇళ్లలో చోడి అంబలి తాగడం ప్రమాదమని కొందరు అర్థం చేసుకున్నారు. నా ఉద్దేశం అది కాదు. కలిసి తినడం వల్ల, చేయి పట్టుకోవడం వల్ల కుష్ఠు సోకదని వైద్యులు స్పష్టంగా చెబుతున్నారు. నేడు 6 లేదా 12 నెలల మందులతో అది నయమవుతుంది, ఆ మందులు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తోంది. మేము కలిసే పెద్దవారిలో చాలామందికి చికిత్స ఎప్పుడో పూర్తయింది. మిగిలింది స్పర్శ లేని పాదాలు, వాటిని రోజూ చూసి కడిగే మనిషి అవసరం.