దేని మీద బెంగ?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగు ఇళ్లలో ‘మరమగ్గాల పనికి సూరత్ వెళ్లిన కొడుకు మీద బెంగ పెట్టుకుంది’ అంటారు. మన భాషలో బెంగ ఊరికే ఉండదు, దాని ముందు ‘మీద’ ఉంటుంది. ఆస్పత్రి చీటీపై డిప్రెషన్ అని పడగానే ఆ ‘మీద’ కాస్తా రాలిపోతుంది.

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో తన మానసిక రోగాల నిర్ధారణ గ్రంథం మూడో కూర్పులో, కారణాల జోలికి పోకుండా లక్షణాలు లెక్కపెట్టే పద్ధతి తెచ్చింది. ఆత్మీయులను పోగొట్టుకున్నవారికి మాత్రం మినహాయింపు ఉండేది. 2013లో అదీ పోయింది. ఇప్పటి లెక్క తొమ్మిది లక్షణాల్లో ఐదు, రెండు వారాలు. మన ఇళ్లలో అప్పటికి పెద్దకర్మ భోజనాల విస్తళ్లు తీసి రెండు రోజులైనా కాదు! సంవత్సరీకం దాకా దుఃఖానికి గడువిచ్చిన పెద్దలు తెలివితక్కువవారేమీ కారు.

ఇక జన్యువు. 2003లో న్యూజీలాండ్‌లోని డునెడిన్ వాసులపై జరిగిన అధ్యయనంతో సెరటోనిన్ (మెదడులో సంకేతాలు చేరవేసే రసాయనం) రవాణా జన్యువుకు పేరొచ్చింది. కష్టాలు మీదపడినవారిలోనే దాని తేడా బయటపడుతుందని ఆ అధ్యయనం చెప్పింది. జనం నోట మిగిలింది మాత్రం ‘డిప్రెషన్ జన్యువు’. 2019లో లక్షల మంది వివరాలతో సరిచూస్తే, అలా పేరుపడ్డ 18 జన్యువుల వాదన నిలబడలేదు. వంశపారంపర్యం అసలు లేదని కాదు. కవలల అధ్యయనాలు దాని వాటాను సుమారు 37 శాతంగా కట్టాయి. అది జనాభాలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాల లెక్క. ఒక తల్లి దుఃఖంలో మూడో వంతు పుట్టింటి రక్తం నుంచి వచ్చిందని దాని అర్థం కాదు. సంబంధాలు కుదిర్చే పెద్దలకు ఇది ఎవరు చెబుతారు? ‘వాళ్ల వంశంలోనే ఉంది’ అన్న పాత నిందకు జన్యువు కొత్త చొక్కా తొడిగింది.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడ్డాయి. ఆ తర్వాత నిద్ర పట్టనివారికి అంతకుముందు ఏడాది ఉన్నవీ అవే జన్యువులు.

మందులు వద్దని మేము అనడం లేదు. లేవలేక, తినలేక, చావు తలపులతో నలిగేవారికి వైద్యం అందాల్సిందే. మేము అడిగేది చిన్నది. ఒడియాలో అడిగే డాక్టరుకూ తెలుగులో ఏడ్చే రోగికీ నడుమ ఒక దుబాసీ, కేసు కాగితంలో ‘దేని మీద?’ అని ఒక గడి. అందులో ‘మరమగ్గంపై పన్నెండేసి గంటల పని, కొడుకు కూలి డబ్బు ఆగిపోయింది’ అని రాయాల్సి వస్తే, ఆ సంగతి మందుల కౌంటరుతో ఆగకుండా కార్మిక శాఖకు చేరాలి.